పుట్టుతెలుపు

పెళ్లి ఊరేగింపుకు గుర్రం ఎప్పుడు పనికొస్తుందో తేల్చడానికి మా ఇంట్లో ఒకటే కొలత ఉండేది. రంగు. మా పాకలో పుట్టినవన్నీ నల్లగానో ఎలుక రంగులోనో పుట్టేవి. ఏళ్లు గడిచేకొద్దీ మెల్లగా తెల్లబడేవి. "తెల్లబడ్డంకనే వీపు మీద మనిషి" అనేవాడు మా మామ. పెళ్లివాళ్లు తెల్లగుర్రాన్నే అడుగుతారు కనుక అంతకు ముందు తొందరపడినా లాభం లేదు. ఈలోపు ఎముక ముదిరేది. నిజానికి ఎముక గురించి ఎవరూ ఆలోచించలేదు. రంగే వాళ్లను ఆపేది.

ఈ ఆడ గుర్రప్పిల్ల మాత్రం తెల్లగానే పుట్టింది. నా కొడుకు మా ముసలి గుర్రాన్ని ఉత్తరాది నుంచి వచ్చిన తెల్ల మగగుర్రంతో కలిపించాడు. పాలు తాగే రోజుల్లోనే అది పెళ్లిగుర్రంలా మెరిసేది. అల్వాల్‌లో మా సందువాళ్లంతా వచ్చి ఫొటోలు దిగారు. నాకు ఆ తెలుపు చూస్తే గుబులుగానే ఉండేది. కాల్చకముందే రంగు పూసిన కుండలా కనిపించేది.

దానికి రెండేళ్లు రాగానే కొడుకు పని మొదలుపెట్టాడు. ముసలి గుర్రానికి దగ్గు పట్టుకుంది, ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి. పొద్దున్నే ఇంటి వెనక ఖాళీ జాగాలో పొడుగు తాడు మీద చుట్లు తిప్పేవాడు. ఆ తర్వాత వీపు మీద బరువు, చెవి పక్కన డప్పు, తారు రోడ్డు మీద నడక. కాసేపు తిప్పి ఆపమని, ఒకరోజు కొత్తది నేర్పితే మరునాడు ఊరికే వదిలెయ్యమని చెబుతూనే ఉన్నాను. వినలేదు.

ఒక ఉదయం సంతోషంగా పిలిచాడు. "అమ్మా, జెర ఇటు సూడు. సీదా అయింది!"

డప్పు మోగుతున్నా పిల్ల కదలకుండా నిలబడింది. దగ్గరికి వెళ్లి చూశాను. కంటి కొసన ఈగ వాలితే తల విదిలించలేదు. చెవులు రెండూ పక్కలకు వాలి ఉన్నాయి. తొట్టిలో నానబెట్టిన ఉలవలు సగానికి సగం మిగిలిపోయాయి. నేను కింద కూర్చుని ముందుకాలు పట్టుకున్నాను. పొయ్యి మీంచి దించిన పెనంలా ఉంది.

"గిది సీదా కాలేదురా. సచ్చేటట్టు అలిసింది."

"నడిచొచ్చింది కదమ్మా, గరమైతది."

"పొద్దుగాల తాడు ఇప్పకముందే పట్టి సూసిన. అప్పుడు సుత గిట్లనే ఉండె. రాత్రంత కట్టుకొయ్య కాడ నడిచిందా?"

ఆ సాయంత్రమే సీతాఫల్‌మండిలో పెళ్లి. పిల్లకు మొదటి ఊరేగింపు. అల్వాల్ నుంచి అంతదూరం తారు రోడ్డు మీద నడవాలి, అక్కడ బ్యాండు ముందు ఎగరాలి, మళ్లీ నడిచి రావాలి. నేను లేచి పిల్ల పెదవి ఎత్తి చూపించాను.

"పాలపళ్లు సుత ఊడలే. దీని మీద పెండ్లికొడుకును ఎక్కిస్తవా?"

"పళ్లెవరు సూస్తరమ్మా? రంగు సూస్తరు. తాత ఏమనేటోడు? తెల్లబడ్డంక ఎక్కియ్యమనలే? మరి ఇది తెల్లగ లేదా?"

ఆ మాట వాడికి చిన్నప్పటి నుంచి నూరిపోసింది నేనే.

వాడి కష్టమూ నాకు తెలుసు. పెళ్లివాళ్లకు మాట ఇచ్చాడు. గుర్రం రాకపోయినా పెళ్లి ఆగదు, కానీ ఆ మాట బ్యాండువాళ్లందరికీ పాకుతుంది. తర్వాత మమ్మల్ని పిలిచేవాళ్లుండరు.

"ముసలిదాన్ని తీస్కపో" అన్నాను.

"దగ్గుతోని గంత దూరం నడుస్తదా?"

"నడిపియ్యకు. డీసీఎం మాట్లాడు. బండిల ఎక్కిచ్చుకపో, బండిల ఎక్కిచ్చుకరా."

వాకిలి ఊడుస్తున్న కోడలు చీపురు ఆపింది. "అత్తమ్మా, తలుపు గొళ్లానికి నూనె సుత సుక్క సుక్క లెక్కవెట్టి పోస్తవు. గిప్పుడు గుర్రానికి లారీయా?"

"నవ్వింది సాలు గని, నా పాత నూలు చీర తీస్కరా. దీని కాళ్లకు తడిబట్ట సుట్టాలె."

పీలికలు చింపి, నీళ్లలో ముంచి నేనే చుట్టాను. పిల్ల పెద్దగా ఊపిరి వదిలింది.

సాయంత్రం ముసలిదాని మీద జరీ బట్ట వేయగానే దాని మెడ తనంతట తానే నిటారుగా లేచింది. దానికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. చెక్క పలక మీదుగా బండి ఎక్కుతుంటే మాత్రం ఒక మోకాలు జారింది. నా కొడుకు భుజం ఆనించి నిలబెట్టాడు. పాకలోంచి పిల్ల అరుస్తూనే ఉంది. బండి సందు మలుపు తిరిగాక కూడా దగ్గు వినిపించింది. సరైన పనే చేశానని అనుకోవడానికి ప్రయత్నించాను. కుదరలేదు.

మరునాడు పొద్దున కొడుకు మొహం కూడా కడుక్కోకుండా పాకలోకి వెళ్లాడు. పిల్ల ముందు గొంతుక్కూర్చుని కాలు పట్టి చూశాడు.

"అమ్మా, జెర సల్లవడ్డది!" వాడికి ప్రాణం లేచి వచ్చింది. ఆ ఊపులోనే, "ఐతే మల్ల ముహూర్తానికి..." అన్నాడు.

అప్పుడే వాడి చూపు ముసలిదాని మీద పడింది. ఉలవల తొట్టి దాని ఎదుటే ఉంది. అది మూతి కూడా పెట్టలేదు. పక్కటెముకలు ఎగసి పడుతున్నాయి. ఆ ముహూర్తానికి ఏది వెళ్లాలో వాడు నన్ను అడగలేదు. అడిగితే నేను మాత్రం ఏం చెప్పేదాన్ని?

పిల్ల మెడ సాచి తల్లి తొట్టిలో మూతి పెట్టింది. ముసలిది పక్కకు జరిగి చోటిచ్చింది. నేను పిల్ల మూతిని అవతలికి నెట్టి, తొట్టి ఎత్తి ముసలిదాని నోటికి అందేలా పట్టుకుని నిలబడ్డాను.