నీడ కొసన రాయి

మా సైన్సు మేష్ట్రు పోయారన్న కబురు నాకు సోలార్ పార్కులో ప్యానెళ్లు కడుగుతుండగా వచ్చింది. ఫోన్ పెట్టేసి మిగిలిన వరస కూడా కడిగాను. ఎందుకు కడిగానో నాకే తెలీదు.

ఆయనది గొర్రెలు మేపిన ఇల్లు. వాళ్ల నాయన వాచీ ఎరగడు. తన నీడను తన పాదాలతోనే కొలిచి పొద్దెంతయిందో ఉజ్జాయింపుగా చెప్పేవాడట. మేష్ట్రు దాన్నే మాకు పాఠం చేశారు. మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు మిట్టమధ్యాహ్నం ఎన్నో దేశాల బడిపిల్లలు నీడలు కొలిచి ఒకరికొకరు పంపుకుంటారు. ఆ కొలతల తేడాను బట్టి భూమి ఎంత పెద్దదో లెక్క కట్టొచ్చు. మా క్యాతగానచెర్లు బడికి జర్మనీలో ఒక బడి జత కుదిరింది.

మొదటిసారే పరువు పోయిందనుకున్నాం. చెప్పులు విడిచి ఎవరి నీడను వాళ్ల పాదాలతో కొలిచి పంపాం. పొట్టివాళ్లకూ పొడుగువాళ్లకూ అందరికీ ఒకటిన్నర అడుగే! ‘ఒకరిది చూసి ఒకరు రాశారా?’ అని జవాబొచ్చింది. నాకు ఏడుపొచ్చింది. మేష్ట్రు మాత్రం పొట్ట పట్టుకుని నవ్వారు.

“కాపీ కాదప్పా! పొట్టోని నీడ పొట్టిది, పాదమూ పొట్టిదే. ఎవుని అడుగు వాని ఎత్తుకు సరిపోతాది.”

అదే ఇంగ్లీషులో రాసి పంపారు. రెండో రోజే ఫొటో వచ్చింది. స్వెట్టర్లు వేసుకుని, వట్టి కాళ్లతో పిల్లలు. వాళ్ల నీడ ఎనిమిది అడుగులు. “చూడండప్పా, వాళ్ల బూట్లు విప్పించినాము!” అని ఆ ఫొటోను క్లాసు గోడకు అతికించారు.

తర్వాత ఆయన రిటైరయ్యారు. పిల్లలు బస్సెక్కి పావగడ టౌను బళ్లకు పోవడం మొదలై మా బడి ఖాళీ అయింది. అయినా ప్రతి మార్చిలో కొలతకు రమ్మని నాకు ఫోన్ చేసేవారు. నీడ కొలవాలంటే ఇద్దరు కావాలి. ఒకరు నిటారుగా నిలబడాలి, ఇంకొకరు నీడ కొసన రాయి పెట్టాలి. ఒక్కరే అయితే రాయి పెట్టడానికి వంగగానే నీడ మారిపోతుంది.

పోయినేడు డ్యూటీ ఉందన్నాను. “రేపొస్తా సార్.”

“రేపు నువ్వొస్తావు పాపా, సూర్యుడు జరిగిపోయింటాడు” అని నవ్వారు. “పోనీలే, పని చూసుకో.”

సెలవు అడిగితే సరిపోయేది. అడగలేదు.

ఈ మార్చిలో వాళ్లావిడ పిలిచి ఆయన ఫోన్ నా చేతిలో పెట్టింది. “ఎవురో ఇంగ్లీషులో అడుగుతాండారు. ఏందో చూడమ్మా.”

ఈ ఏటి కొలత కోసం ఆ జర్మనీ బడి పంపిన మెసేజి. ఆయన లేరని వాళ్లకు తెలీదు. దాని పైన పోయినేడు ఆయన రాసిన జవాబుంది: ‘ఈసారి కొలత లేదు. ఇద్దరం కాలేకపోయాం.’ నా పేరు ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

కొలత రోజుకు సెలవు అడిగాను. అడగ్గానే ఇచ్చారు. మా ఊళ్లో నీడ అన్నిటికన్నా పొట్టిదయ్యే పన్నెండున్నరకు బడి మైదానంలో చెప్పులు విడిచి నిలబడ్డాను. చుట్టూ ఎవరూ లేరు. నీడ తల ఎక్కడుందో కనబడుతూనే ఉంది. చేతిలో రాయి ఉంది. వంగకుండా, ఆ నీడ మళ్లీ పొడుగవడం మొదలయ్యేదాకా అలాగే నిలబడి ఉన్నాను.