సత్తన్న వేళ్లకు దొరికిన గీత

వేడెక్కిన రబ్బరు, సబ్బునీళ్లు కలిసిన వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు సత్తన్న గుర్తొస్తాడు. నిన్న నా కారుకు కొత్త టైర్లు వేయిద్దామని కామారెడ్డి వెళ్లి పొద్దంతా ఆ వాసనలోనే తిరిగాను. ఏ దుకాణం ముందు ఆగినా నేను అడిగింది ఒక్కటే: "చక్రానికి గీతలు పడకుంట ఎక్కిస్తవా అన్నా?" ఒకాయన ముఖం చిట్లించి, "అది చక్రమా మేడం, గాజు బొమ్మనా?" అన్నాడు. ఇంకొకాయన మాటైతే ఇచ్చాడు గానీ, నా కళ్లముందే వేరే బండి చక్రాన్ని ఇనుప రాడ్డుతో బరబరా గీకేస్తున్నాడు. ఒళ్లు మండి బండి వెనక్కి తిప్పాను. చివరికి ఒక ముసలాయన నేను అడగకముందే రాడ్డుకు గుడ్డ చుట్టుకోవడం చూసి ఆగాను.

సత్తన్నది ఎల్లారెడ్డి. మా వాడకట్టులోనే ఉండేవాడు, అద్దెకు కారు నడిపేవాడు. నేను అమ్మతో కలిసి బీడీలు చుట్టేదాన్ని. కారు నేర్చుకుంటానంటే వాడకట్టంతా నవ్వింది. సత్తన్న మాత్రం నవ్వలేదు. "రేపు పొద్దున రా చెల్లె. చెప్పులిడిచి కూసో, బ్రేకు నీ కాలికి తెల్వాలె" అన్నాడు. నేర్పేటప్పుడు తిట్టేవాడు. అబ్బో, ఆ తిట్లు ఇక్కడ రాయలేను! లైసెన్సు వచ్చాక తన బండి మీదే పని ఇచ్చాడు. ఊళ్లో కిరాయిలు నావి, దూరం కిరాయిలు ఆయనవి. ఈరోజు నేను తినే అన్నం ఆయన పెట్టిందే.

ఆయన బండికి నల్లటి అల్లాయ్ చక్రాలు ఉండేవి. టైరు మార్చాలంటే ఇంటి నుంచి పాత ట్యూబు ముక్కలు, తన తువ్వాల తీసుకెళ్లేవాడు. టైరు ఊడదీసే మిషన్ పట్టు తగిలే చోటల్లా ట్యూబు ముక్కలు పెట్టించేవాడు, రాడ్డు కింద తువ్వాల మడిచి పెట్టేవాడు. పని అయ్యాక చక్రం అంచు చుట్టూ వేళ్లతో తడిమి చూసేవాడు. దుకాణం వాళ్లు విసుక్కుంటే, "కాళ్లు గీకించుకొని ఎవడన్న పెండ్లికి పోతడారా?" అనేవాడు. చక్రాల మీద ప్రేమతోనే తడుముతున్నాడని అనుకునేదాన్ని.

ఒకరోజు లింగంపేట నుంచి ఫోన్ వచ్చింది. నొప్పులు పడుతున్న మనిషిని కామారెడ్డి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తోడుగా ఆడమనిషి ఉంటే మంచిదని సత్తన్న నన్నూ రమ్మన్నాడు. తీరా చూస్తే టైరు పగిలి ఉంది. ఎల్లారెడ్డిలోనే మార్పించాం. తొందరలో పనివాడు తువ్వాల పక్కకు నెట్టేసి రాడ్డు దూర్చాడు. నల్లటి చక్రం మీద జానెడు గీత, తెల్లగా. మిట్టమధ్యాహ్నం ఎండ. ఇక వీడి పని అయిపోయిందనుకున్నాను. సత్తన్న వంగి, ఆ గీతవైపే సూటిగా చూశాడు.

"మంచిగెక్కించినవ్ బిడ్డా. ఒక్క గీత లేదు."

వెటకారమేమో అనుకుని పనివాడు తల దించుకున్నాడు. సత్తన్న అలవాటుగా అంచు తడమబోయాడు. వేళ్లు గీత దగ్గర ఆగాయి. ముందుకు పోయి, మళ్లీ వెనక్కి వచ్చాయి. ముఖంలో నెత్తురు చుక్క లేదు. పనివాణ్ని ఒక్క మాట అనకుండా వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"దిగన్నా."

"ఈ తొవ్వ నాకు ఎరుకలేనిదా? కండ్లు మూసుకొని పోత."

"గదే నా భయం. అక్కడ ఆమె ఒక్కతి కాదు, కడుపుల ఇంకో పానం ఉన్నది. దిగు."

నాకేసి చూశాడు. నేను ఎంతవరకు కనిపించానో తెలియదు. తాళం చేతిలో పెట్టి పక్క సీట్లోకి జరిగాడు. ఆమెను క్షేమంగానే చేర్చాం. ఆ తర్వాత ఆయన స్టీరింగు ముట్టలేదు.

షుగరు కళ్లను తినేసిందని, చాలా ఆలస్యమైందని డాక్టరు చెప్పాడు. అందరిలా నేను జాలిపడలేదు, కోపం ఆపుకోలేక అరిచాను. ఎంతమందిని ఎక్కించుకుని తిరిగావు, చెప్పడానికి నోరు లేదా అని. "చెప్తే బండి పోతది చెల్లె. బండి పోతే నేనేంది?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, అసలు సంగతి చెప్పాడు. అంతకుముందు వానాకాలంలో, మసక చీకట్లో, లింగంపేట దాటాక ముందు టైరుకు ఏదో తగిలిందట. దిగి చూశాడట, ఏమీ కనిపించలేదట. "ఎవరన్న ఉన్నరా?" అని పిలిచాడట. జవాబు లేదు. బండెక్కి వచ్చేశాడు.

"కుక్కనా, మనిషా? నాకు ఎరుకలేదు."

నేను వెళ్లి అడిగాను. చాయ్ హోటల్లో, పొలాల దగ్గర, రోడ్డు పక్క ఇండ్లలో. ఆ వానాకాలంలో అక్కడ మనిషికి దెబ్బ తగిలిన మాట ఎవరూ చెప్పలేదు. వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "నువ్వు మంచిదానివి. గందుకే గట్ల చెప్తున్నవ్" అన్నాడు. ఎన్ని ఒట్లు పెట్టినా నమ్మలేదు. మంచంపట్టాక నా గొంతు వినబడితే చాలు, అదే అడిగేవాడు. ఆఖరి రోజు మా ఇద్దరి మధ్య నడిచిన మాట కూడా అదే. నమ్మకుండానే పోయాడు.

ఇప్పుడు బండి కింద రాయి పలికినా నేను ఆపుతాను. వెనుక కూర్చున్నవాళ్లు ఆలస్యమవుతోందని తిడతారు, తిట్టనీ. దిగి, వెనక్కి నడిచి, రోడ్డూ పక్క తుప్పలూ వెతుకుతాను. తిరిగి వచ్చాక, "ఏమున్నదమ్మా?" అని ఎవరో ఒకరు అడుగుతారు.

"ఏం లేదు" అంటాను. "నా కండ్లతోని చూసొచ్చిన."