ఎక్స్‌రే ఫిల్ము మీద ముఖం

మా డైనింగ్ టేబుల్ మీద ఆ కెమెరా ఉన్నన్నాళ్ళూ నేనూ మా ఆవిడా సోఫాలో కూర్చునే అన్నం తిన్నాం. స్క్రూలు ఎక్కడివక్కడ గిన్నెల్లో పెట్టుకున్నాను. వాటిని కదిపితే నేను ఊరుకోనని ఆమెకు తెలుసు.

ఇప్పటివాళ్ళకు అది కెమెరాలా కనిపించదు. బూట్ల డబ్బా అంత పెట్టె. ముందు తలుపు కిందికి దించి, చిన్న పట్టాల మీద లెన్సును బయటికి లాగితే, దాని వెనకే నల్లటి తోలు తిత్తి మడతలు విప్పుకుంటూ వస్తుంది. రీలు ఉండదు. పోస్టుకార్డంత ఫిల్ము ముక్కను ఒక్కొక్కటే వెనక దూర్చి ఫొటో తీయాలి. ఒకప్పుడు పత్రికల వాళ్ళు దీన్నే భుజాన వేసుకుని మీటింగులకు పరుగెత్తేవారు. నేను పత్రికలో ఫొటోగ్రాఫర్‌గా చేరేనాటికే దాన్ని బీరువా పైకి ఎక్కించేశారు. ఆఫీసులో డార్క్‌రూమ్ తీసేసి కంప్యూటర్లు పెట్టినప్పుడు పాత సామానుతో పోతుంటే అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. రిటైరయ్యాక బాగుచేద్దామనుకున్నాను. రిటైరై చాలా కాలమైనా ముట్టుకోలేదు.

ముట్టుకునేలా చేసినవాడు మా డార్క్‌రూమ్ అన్న. నాకంటే పదేళ్ళు పెద్ద. మేము తీసుకొచ్చిన ఫిల్ములన్నీ కడిగి ప్రింట్లు వేసింది ఆయనే. ఊళ్ళో జరిగినవన్నీ ట్రేలో, మందు నీళ్ళ కింద చూసిన మనిషి. విద్యానగర్‌లో ఒక పోర్షన్ కిరాయికి తీసుకుని భార్యతో ఉండేవాడు. కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలైంది. అది లేని రోజు మధ్యాహ్నం పూట ఆటో ఎక్కి అశోక్‌నగర్‌లోని మా ఇంటికి వచ్చేవాడు. నీళ్ళు ఎక్కువ తాగకూడదు కాబట్టి మా ఆవిడ ఇచ్చిన టీలో సగం నా గ్లాసులోకి వంపేసేవాడు.

ఒకరోజు బీరువా వైపు చూసి, "గా డబ్బ కెమెర ఇంక ఉన్నదా నీ తాన?" అన్నాడు.

"ఉందన్నా. పనిచెయ్యదు."

"దాంతోని నా ఫొటో తియ్యి తమ్మీ. అందరి ఫొటోలు కడిగిన. నాది ఒక్కటన్న సక్కంగ లేదు. ఆధార్ కార్డుల సూడు, దొంగ లెక్కున్న."

నవ్వుతూనే అన్నాడు. కానీ మరుసటి వారం వచ్చీ రాగానే, "ఎందాక వచ్చింది?" అని అడిగాడు. అప్పుడు పని మొదలుపెట్టాను.

గది చీకటి చేసి, తిత్తి లోపల ఫోన్ లైటు పెట్టి చూస్తే మడతల మూలలన్నీ చుక్కల్లా వెలిగాయి. అన్ని చిల్లులు. నారాయణగూడ మార్కెట్ దగ్గర గొడుగులు బాగుచేసేవాడి దగ్గర నల్లగుడ్డ ముక్కలు తెచ్చి ఒక్కో మూలకీ అతికించాను. వెనక బొమ్మ తలకిందులుగా కనబడే గరుకు అద్దం పగిలిపోయి ఉంది. ఫ్లైఓవర్ కింద అద్దాల షాపులో మామూలు అద్దం కోయించి, రాపిడి పొడితో నేనే రుద్దుకున్నాను. అన్నిటికంటే ఏడిపించింది షట్టర్. సెకను సేపు తెరిచి మూసేలా పెడితే తెరుచుకుని, ఇక మూసుకునేది కాదు. లైటర్లో పోసే పెట్రోలుతో కడిగితే రెండు రోజులు ఆడేది, మళ్ళీ పట్టేసేది. అన్న పక్కన కుర్చీలో కూర్చుని కునికిపాట్లు పడుతూ, టిక్కుమన్నప్పుడల్లా కళ్ళు తెరిచి, "నడిచిందా?" అనేవాడు.

ఆ సైజు ఫిల్ము ఇక్కడ దొరకదు. ఎక్స్‌రే ఫిల్ము కోసి వాడొచ్చని విన్నాను. చిక్కడపల్లిలో ఆసుపత్రి సామాన్లు అమ్మే షాపులో ఒక పాత డబ్బా మిగిలి ఉంది.

"ఇదే ఆఖరు సార్. అందరు కంప్యూటర్లకు పోయిండ్రు. మేం ఇంక తెప్పిస్తలేం," అన్నాడు షాపతను.

బాత్‌రూమ్‌లో ఎర్ర బల్బు పెట్టి, వెంటిలేటర్‌కు దుప్పటి కట్టి ముక్కలు కోశాను. ఆ ఫిల్ముకి రెండు వైపులా మందు పూత ఉంటుంది, గోరు తగిలినా గీత పడుతుంది. కోచింగ్ సెంటర్ల పిల్లలు టీ బండి చుట్టూ నిలబడి ఉంటే బాల్కనీ లోంచి ఫొటో తీశాను. ఆ మొదటి ఫిల్ము వెలుతురు తగిలి మొత్తం నల్లబడిపోయింది. రెండోదీ అంతే. ఇంకా ఎక్కడో వెలుతురు దూరుతోంది. మళ్ళీ తిత్తి విప్పాను. మా ఆవిడ తన కంచం పట్టుకుని టీవీ ముందుకు వెళ్ళిపోయింది.

అంతా కుదిరేసరికి అన్న రావడం మానేశాడు. ఓపిక లేదు. నేనే కెమెరా, స్టాండు ఆటోలో వేసుకుని విద్యానగర్ వెళ్ళాను. వదిన ఆయనకు తెల్ల చొక్కా తొడిగి, తల దువ్వి, రేకుల వరండాలో కుర్చీలో కూర్చోబెట్టింది. నీడ కావడంతో షట్టర్ అర సెకను తెరిచి ఉంచాల్సి వచ్చింది.

"అన్నా, ఊపిరి బిగబట్టు. కదలొద్దు."

"నేను కదుల్తలేను. తల అదే కదుల్తుంది."

నిజమే. తల సన్నగా ఊగుతోంది. దాన్ని ఆపాలని ఆయన ఎంత బిగుసుకుంటే అంత ఎక్కువ ఊగింది. తెచ్చిన ఫిల్ములన్నీ తీశాను. ఇంటికొచ్చి కడిగితే రెండు చీకటిగా పోయాయి, ఒకదానికి నా గోరు తగిలింది. మిగిలినదాంట్లో చొక్కా గుండీలు, మోకాళ్ళ మీది చేతులు, చేతి మీది డయాలసిస్ పట్టీ, దాని అంచు దారాలతో సహా వచ్చాయి. మెడ పైన మాత్రం తెల్లటి మసక.

ప్రింటు తీసుకెళ్ళి చూపించాను. ఆయన దాన్ని కిటికీ వైపు వంచి చాలాసేపు చూశాడు.

"చేతులు మంచిగొచ్చినయ్ తమ్మీ. కెమెర బాగైంది."

"మళ్ళీ తీద్దామన్నా. ఈసారి తల వెనక దిండు పెట్టి కడదాం."

"తీద్దాం. జర ఓపిక రానీ."

రాలేదు. నెల తిరగకుండానే డయాలసిస్ మీద ఉండగా బీపీ పడిపోయింది. మళ్ళీ లేవలేదు.

పదకొండో రోజున వెళ్ళాను. ఫొటోకి దండ వేశారు. ఏదో పెళ్ళి గ్రూపు ఫొటోలోంచి అన్న ముఖం కత్తిరించి ఆయన కొడుకు ఫొటో షాపులో ఇస్తే, వాళ్ళు నల్ల కోటు, టై అతికించి ఇచ్చారు. అన్న జన్మలో కోటు వేసుకోలేదు. వచ్చినవాళ్ళంతా ఆ కోటు మనిషికే దండం పెట్టారు. నేనూ పెట్టాను.

భోజనాలయ్యాక వదిన పక్కకు పిలిచింది. "మీరు తీసింది ఉన్నది గద. నేను సక్కంగ సూడనే లేదు."

సంచిలోంచి తీసిచ్చాను. ఫొటోలోని ఆయన చేతుల మీద ఆమె వేలు పెట్టి తడిమింది. వేలు మెల్లగా పైకి పోయి మసక దగ్గర ఆగింది.

"ముఖమే లేదు. పిల్లలు సూస్తే భయపడ్తరు," అంది. "మీ తాన్నే ఉండనియ్యిండ్రి."

తిరిగి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆమె మీద నాకు కోపం రాలేదు.

ఆ ఎండాకాలం తిత్తి మూలలు మళ్ళీ విచ్చుకున్నాయి, గొడుగు గుడ్డ ఊడి వేలాడింది. షట్టర్ పట్టేసింది. ఒక మధ్యాహ్నం బాత్‌రూమ్‌లో ఎర్ర బల్బు వేసుకుని ఆ నెగటివ్‌ను మళ్ళీ ప్రింటు వేశాను. వెలుతురు ఎక్కువ ఇస్తే ముఖమంతా బూడిదరంగుకు తిరిగింది. తక్కువ ఇస్తే ముఖం చోట కాగితం తెల్లగానే ఉండిపోయింది. ఎక్కడో ఒక కన్నో ముక్కో దొరుకుతుందేమోనని ట్రే మీదికి వంగి చూస్తూ నిలబడ్డాను. చేతులు వచ్చాయి. గుండీలు వచ్చాయి. మా ఆవిడ తలుపు తట్టి, "ఎంతసేపండీ?" అంది. కాగితాలు చెత్తబుట్టలో పడేసి, ట్రేలో నీళ్ళు పారబోసి తలుపు తీశాను.