ఎర్ర డేలిలీలన్నిటికీ నేను పెట్టిన పేరు

మార్కర్ పెన్ను మూత తీయగానే వచ్చే ఘాటు వాసనకు మా దీవిలోని ప్రోతరాపూర్‌లో మా పక్కింటి అమ్మాజీ టీచర్ గుర్తొస్తారు. రిటైరయ్యాక ఆవిడకు డేలిలీలే లోకం. ఆ పువ్వు ఒక్క రోజే ఉంటుంది. మిగతా రోజుల్లో ఆకులు చూసి ఏ మొక్క ఏదో ఎవరూ చెప్పలేరు. అందుకే పెరుగు డబ్బాలు కత్తిరించి, ఆ ముక్కల మీద పేర్లు రాసి కుండీల్లో గుచ్చేవారు. మా వానలకు ఏడాది తిరక్కుండానే సగం చెరిగిపోయేవి.

కాలేజీ రోజుల్లో వాటిని తిరగరాసే పని నాకు అప్పగించారు. నాకు ఓపిక తక్కువ, అన్నీ తెలుసన్న ధీమా ఎక్కువ. ఎర్రగా పూస్తుందనిపించిన ప్రతిదానికీ 'సింధూరి' అని రాసిపారేశాను. సింధూరి అంటే టీచర్‌కు ప్రాణం. చనిపోయిన చెల్లెలు ఒకప్పుడు విశాఖ నుంచి ఓడలో పంపిన మొక్క అది. పిలకలు అడిగినవాళ్లందరికీ నా చీటీలతోనే పంచాం.

ఒక వానాకాలం అసలు సింధూరి కుళ్లిపోయింది. "ఊరంతా ఇచ్చేం కదా బేటీ, దొరుకుద్దిలే" అన్నారు టీచర్. పూసిందని కబురొచ్చినప్పుడల్లా ఇద్దరం బస్సెక్కేవాళ్లం. షాదీపూర్‌లో ఒకటి ఇటుక రంగు, ఇంకోటి గులాబీ. మూడో ఇంట్లోనూ అది కాదని తేలి బస్సులో తిరిగొస్తుంటే ఇక ఉండబట్టలేక, ఆ పేర్లు ఊహించి రాశానని చెప్పేశాను.

"మాలూమ్ లేకపోతే తెలీదని రాయాల. అందులో షరమేటి, సిగ్గేటి?" అన్నారు టీచర్. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఆ వారమే నేను చీటీలు రాయకముందెప్పుడో టీచర్ దగ్గర పిలక తీసుకెళ్లిన సరోజినీ దీదీ, ఆ మొక్క ఎర్రగా పూసిందని గరాచర్మ నుంచి ఫోన్ చేసింది. పొద్దున్నే వెళ్లాం. ఆమె కుండీలో చీటీ మీద, 'పేరు తెలీదు. చాలా ఏళ్ల కిందట ప్రోతరాపూర్ టీచర్ గారిచ్చారు' అని ఉంది.

"పేరు వానకి చెరిగిపోయింది టీచర్. పక్కా తెలీకుండా ఎలా రాస్తాను? ఇచ్చినోళ్లు గుర్తున్నారు కదా, అదే రాసేను" అంది దీదీ.

ముదురు ఎరుపు రేకులు, మధ్యలో గొంతు దగ్గర పసుపు. టీచర్ ఆ పువ్వు ముందు చతికిలబడి, "మా చెల్లిదే" అన్నారు. సిగ్గూ సంతోషమూ కలిసి నాకు ఏడుపొచ్చింది. దీదీ అప్పుడే పిలక తవ్వి ఇచ్చింది.

టీచర్ పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు నాకో చిన్న నర్సరీ ఉంది. మొన్న ఒకాయన ఒక కుండీ చూపించి పేరడిగాడు. తెలియదన్నాను.

"పేరు కూడా తెలీని మొక్క ఎవరు కొంటారు దీదీ?"

"ఎవరింటి నుంచి వచ్చిందో తెలుసు భయ్యా, చెప్పనా?"

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.