ఫిల్టర్‌కు రెండు రింగులు

మా ఇంట్ల ఏదన్నా ఖరాబైతే ముందుగాల పానాల డబ్బా దాచిపెడ్తరు, ఆ తర్వాత మెకానిక్‌కు ఫోన్ చేస్తరు. నా చేతుల మీద గంత నమ్మకం. ఏడో తరగతిల నేను బడి మానేస్తే మా సార్లు బాధపడ్డట్టు సుత నాకు యాదికి లేదు. ఒక్క మా అక్కనే, బావ పోయినంక, నన్ను నమ్మి తన ట్రాక్టర్ తోలుమన్నది. ఆ ట్రాక్టర్ నడిస్తేనే ఆమె ఇల్లు నడుస్తది.

ఆ పొద్దు బోధన్‌ల కొన్న కొత్త డీజిల్ ఫిల్టర్ డబ్బాను అక్క వాకిట్ల నేనే బిగించిన. మిస్త్రీని పిలువురా అని ఆమె అంటనే ఉన్నది.

"డబ్బా విప్పుడు, డబ్బా బిగించుడు. దీనికి మిస్త్రీ ఎందుకే? తొక్కు సీసా మూత తీస్తలేనా నేను?" అన్న.

బండి స్టార్టయింది. ఫిల్టర్ అంచున డీజిల్ చుక్కలు కారుతున్నయి. కొత్త కోడలు గదా, అలవాటయ్యేదాక ఏడుస్తది అనుకొని గుడ్డతోని తుడిచిన.

మధ్యాహ్నానికి చెరుకు చేన్ల ఆఖరి ట్రాలీ నిండింది, అక్క మడ్‌గార్డ్ మీద ఎక్కి కూసున్నది. చెరుకు కోసేటోళ్లు ఇంకో చేన్లకు పోయిండ్రు. నేలంతా మోకాలెత్తు ఎండిన ఆకు. కోత అయినంక ఆ ఆకును కాలబెట్టుడు మా దిక్కు అలవాటు. పక్క చేను కాకా అగ్గిపెట్టె పట్టుకొని గట్టు మీద నిలవడ్డడు. పక్క చేన్ల మనుషులు, బండ్లు బయటవడ్డంకనే అంటువెట్టుడు పద్ధతి. అందుకే, పెట్టాల్నారా అని అడిగిండు.

"పెట్టు కాకా! నీ మంట రాజుకునేటాల్లకు మేము రోడ్డెక్కి చాయ్ తాగుతుంటం" అని సీటు మీదికెళ్లి చెయ్యి ఊపిన.

కాకా అంటువెట్టిండు. చేను నడుమకు వచ్చినంక మా ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

తాళం తిప్పిన. కిర్ర్ కిర్ర్ అంటది గని అందుకుంటలేదు. అప్పుడే గాలి మర్లింది. గట్టు అవతల ఉండాల్సిన మంట గట్టు దాటి మా దిక్కు పటపటమంటు వచ్చుడు సురువైంది. ఆకు కాలే చప్పుడు గంత దగ్గరికెళ్లి నేను ఎన్నడు వినలే.

"అక్కా, నువ్వు ఉరుకు. బండి పోతే పోనీ."

అక్క దిగింది గని ఉరకలే. కొడవలి పట్టుకొని బండి చుట్టున్న ఆకును గుంజి దూరం పారేసుడు మొదలువెట్టింది. కాకా సుత ఉరికచ్చిండు. "మీరు పోయినంకనే పెడ్దు గదరా! నువ్వే పెట్టుమంటివి" అనుకుంట ఆయన ఒక దిక్కు ఆకు గుంజుతున్నడు. నేను పోతే ఆమె వస్తది. నేను పోకుంటే ఆమె పోదు. నా పాణమేమో అప్పటికే రోడ్డెక్కింది గని, ఆమె ఇల్లు నడిపే బండిని ఇడిచి పోలే.

డీజిల్ పైపులల్లకు గాలి సొచ్చింది. అది ఎల్లిపోయేదాక ఇంజన్‌కు డీజిల్ అందది. గంతవరకు తెలుసు. ఎక్కడికెళ్లి సొచ్చింది? ఫిల్టర్ డబ్బా విప్పి పైన వేలు వెట్టి చూసిన. పాత ఫిల్టర్ రబ్బరు రింగు అక్కడనే అతుక్కొని ఉన్నది! దాని మీదనే కొత్త రింగు వచ్చేటట్టు బిగించిన నేను. రెండింటి సందులకెళ్లి గాలి లోపలికి.

పాత రింగును గోరుతోని గీరి ఊడదీసిన. డబ్బాల డీజిల్ చేతుల మీద ఒలికింది. చేతులకు డీజిల్, ముంగట మంట. ఏడుపొచ్చింది. డబ్బా బిగించి, పైనున్న చిన్న స్క్రూ వదులు చేసి, పక్కన చేతి పంపు ఒత్తుడు సురువు చేసిన. నురుగు. మళ్ల నురుగు. పొగకు కండ్లు మండుతున్నయి. పానా జారి రెండుసార్లు ఆకులల్ల పడ్డది. రెండోసారి దొరకలే. అక్క వచ్చి ఎతికి తెచ్చి చేతిల వెట్టింది. ఆమె మొఖం చూడాల్నంటే మంటకన్న ఎక్కువ భయమైంది నాకు.

బుడగలు ఆగి, తేటగ డీజిల్ కారింది. స్క్రూ బిగించి తాళం తిప్పిన. అందుకోలే. ఇంజన్ మీది పైపుల నట్టు ఒకటి వదులు చేసి, తాళం నువ్వు తిప్పు అక్కా అన్న. నట్టు కాడ తుపుక్కు తుపుక్కుమని గాలి ఉమ్మి, ఆఖరికి డీజిల్ చిమ్మింది. బిగించిన. ఇంజన్ ఒక్కసారి వణికి, గుడగుడమని లేచింది.

కాకాను ట్రాలీ కొక్కెం మీదికి ఎక్కించుకొని ముంగటికి ఉరికించిన. పొగల దారి కనిపిస్తలేదు, అక్క మడ్‌గార్డ్ మీద లేచి నిలవడి కుడికి, ఎడమకు అని ఒర్లుతుంది. కాలువ గట్టెక్కినంక మళ్లి చూస్తే, మేము నిలవడ్డ జాగల మంట ఆడుతున్నది. ట్రాలీ ఎనుక చెరుకు కొసలు మాడినయి. అక్కడ బండి ఆపిన.

జర ఊపిరి తీసుకున్నంక నాకు పాత బుద్ధి వచ్చింది.

"చూసినవా అక్కా, పైపులల్ల గాలి ఎట్ల ఎల్లగొట్టిన్నో! మిస్త్రీ సుత గింత జల్ది చెయ్యడు" అన్న.

అక్క చేతులకు అంటిన మసిని కొంగుకు తుడుచుకున్నది.

"నువ్వేం ఎల్లగొట్టలేదురా. గంతసేపు నీ నోరు బందున్నది, అందుకే కొత్త గాలి సొరలే."