ముత్యం తోమిన చెంబు

సిరిసిల్ల నేతగాడు ముత్యం మీటింగులో ఒక మనిషి, ఇంట్లో ఒక మనిషి. కులం లేదని నక్సలైటు అన్నలు పాటెత్తుకుంటే ముందు వరసలో కూర్చుని గొంతు కలిపేవాడు. తీరా కూతురు సుమిత్ర, పవర్లూం షెడ్డులో పనిచేసే రాజలింగాన్ని చేసుకుంటానన్న రోజు నుంచి ఒక్కచోట కుదురుగా కూర్చుంటే ఒట్టు. రాజలింగానిది కోరుట్ల మాలవాడ. పిల్లవాడు మంచివాడు, ముత్యానికి ఆ సంగతి తెలుసు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే కాదనడం ఎంత తేలిక.

"ఔనో కాదో ఒక్కమాట చెప్పరాదు," అనేది భార్య లస్మవ్వ. ముత్యం బీడీ ముట్టించుకుని వాడ చివరి దాకా పోయి, అది ఆరకముందే తిరిగి వచ్చేవాడు.

మాట కులపెద్దల దాకా పోయింది. ముత్యం వీధిలో పడుగు సాగదీసి గంజి పెట్టిన పొద్దున ఒక్కరూ సాయానికి రాలేదు. నలుగురు కుంచెలు పట్టి ఎండ ఎక్కకముందే దువ్వాలి, లేకుంటే పోగులన్నీ అతుక్కుని పడుగంతా పాడవుతుంది. వాడంతా గడపల మీద కూర్చుని చూస్తోంది. తల్లీకూతుళ్లు చెరో కుంచె పట్టినా పని సాగడం లేదు.

అప్పుడే షిఫ్టు దిగిన రాజలింగం వచ్చి నిలబడ్డాడు.

"పట్టాల్నా మామా?"

గంజి అంటే అన్నం లాంటిది. మాలవాడ చెయ్యి అందులో పడింది లేదు. ముత్యం ఎండ వంక చూశాడు, వాడ వంక చూశాడు.

"పట్టు," అన్నాడు.

పడుగు దక్కింది. ముత్యానికి గుండెల మీది బరువు దిగినట్టయింది. "బిడ్డా, పిల్లగానికి నీళ్లియ్యి. ఇగ ముహూర్తం చూపిద్దాం," అని వాడంతా వినేటట్టు అన్నాడు. రాజలింగం ఇత్తడి చెంబు ఎత్తి, మూతికి తగలకుండా తాగి పోయాడు. ముత్యం ఆ చెంబు తీసుకుని, మీటింగు పాటే కూనిరాగం తీస్తూ, గిన్నెలు కడిగే జాలారు దగ్గర కూర్చుని బూడిదతో తోమాడు. కడిగి మళ్లీ తోమాడు. తలెత్తితే గుమ్మంలో సుమిత్ర.

"నేను తాగితే తోముతవా బాపు?"

చెయ్యి ఆగిపోయింది. మర్నాడే సుమిత్ర రాజలింగం వెంట కోరుట్ల బస్సెక్కింది.

వానాకాలమంతా ముత్యం బస్టాండు దాకా పోవడం, తిరిగి రావడం. సిగ్గు ఒకవైపు, బిడ్డ మీది ప్రాణం ఇంకోవైపు. చివరికి ఒకరోజు ఎక్కేశాడు. దారిలో పోలీసులు బస్సు ఆపి ఎక్కడికని అడిగితే, కోరుట్ల మాలవాడకన్నాడు.

"కోరుట్ల మాలవాడల నీకేం పని?" అన్నాడు ఒకడు, సంచి తడుముతూ. అన్నల కోసం వెతికే ఆ రోజుల్లో మాట తడబడితే దింపేసేవాళ్లు.

"మా బిడ్డ అత్తగారిల్లు సారూ."

బస్సంతా అతని వైపు చూసింది.

రాజలింగం తల్లి మొగిలవ్వ అతన్ని మంచం మీద కూర్చోబెట్టి, హడావుడిగా దుకాణం నుంచి సోడా తెప్పించింది.

"మా ఇంట్ల నీళ్లు మీరు తాగుతరో లేదోనని..." అంటూ నసిగింది.

సుమిత్ర గోడకు ఆనుకుని చూస్తోంది. ముత్యం సోడా పక్కన పెట్టాడు.

"గిదెందుకు వదినె. గా కడువల నీళ్లియ్యి."

గటగటా తాగాడు. ఖాళీ చెంబు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు. సుమిత్ర వచ్చి అందుకుంది. కడగకుండా అట్లాగే కడవలో ముంచి, మళ్లీ అతని చేతికిచ్చింది.

"ఇంకిన్ని తాగు బాపు."