చిన్నమ్మ సొంత టికెట్టు

నిన్న సాయంత్రం పక్కింటి అమ్మాయి ఫోను పట్టుకుని మా వరండాలోకి వచ్చింది. హోసూరులోనే ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం. వచ్చే నెల మొగుడితో సింగపూరు చూడబోతోంది. అక్కడ సముద్రపు జీవాలను చూపించే పెద్ద పార్కు ఒకటుంది. ఆ ఊళ్ళో నివాసం ఉండేవాళ్ళకు తక్కువ ధర, మనలాంటి పైవాళ్ళకు ఎక్కువ ధర. ఈ పిల్ల స్నేహితురాలు అక్కడే ఉంటోంది కాబట్టి, ఆమె ద్వారా నివాసుల టికెట్లే కొనేస్తే పోలేదా అన్నది ఆలోచన. "ఆంటీ, మీరు పోయొచ్చినారు గదా. గేటు కాడ కార్డు అడుగుతారా, ఊరికే పంపిస్తారా?" అని అడిగింది. "అడుగుతారమ్మా" అన్నాను. అంతటితో ఆపి ఉంటే ఆ పిల్ల వేళకు ఇంటికి పోయి వంట చేసుకునేది. కానీ ముప్ఫై మూడేళ్ళు పాఠాలు చెప్పిన నోరు నాది, ఒక్క ముక్కతో ఆగదు. మా చిన్నమ్మ సంగతి ఎత్తుకున్నాను.

మా అమ్మ వాళ్ళు ముగ్గురు అక్కచెల్లెళ్ళు. పుట్టిల్లు బాగలూరు దగ్గర పల్లె. అందరిలోకి పెద్దది, మా పెద్దమ్మ. ఆమెను కెలమంగలంలో పట్టుపురుగులు పెంచే ఇంటికి ఇచ్చారు. పెళ్ళయిన నాలుగేళ్ళకే జ్వరంతో పోయింది. ఏడాది తిరిగాక అందరిలోకి చిన్నదైన మా చిన్నమ్మను అదే ఇంటికి, అదే పెదనాన్నకు ఇచ్చి చేశారు. ఆ రోజుల్లో అదేమీ వింత కాదు. వింతంతా రేషను కార్డులో ఉంది. అందులో పెద్దమ్మ పేరు అట్లాగే ఉండిపోయింది. మార్పించాలంటే డెంకణికోట తాలూకా ఆఫీసు చుట్టూ తిరగాలి. పురుగులకు ఆకు వేయడం మాని తిరిగే తీరిక పెదనాన్నకు ఎక్కడిది? "పేరు ఏదైతే ఏమి, చక్కెర తియ్యగానే ఉంటాది గదా" అనేవాడట. తర్వాత ఓటరు కార్డు వచ్చింది, రేషను కార్డు చూసి రాశారు. ఆధార్ వచ్చింది, ఓటరు కార్డు చూసి రాశారు. ఫొటో చిన్నమ్మది, పేరు పెద్దమ్మది. రేషను షాపులో చచ్చిపోయిన అక్క పేరు పిలిస్తే మా చిన్నమ్మ "ఆ" అని సంచి పట్టుకుని లేచేది. ఇంట్లో పెదనాన్నకు ఆమె "ఏమే", మాకు చిన్నమ్మ, వీధిలోవాళ్ళకు పురుగులింటామె. సొంత పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. చాలా ఏళ్ళు నేను ఆమె పేరే చిన్నమ్మ అనుకున్నాను.

పదకొండేళ్ళ కిందట మా తమ్ముణ్ణి కంపెనీ రెండేళ్ళ పని మీద సింగపూరు పంపింది. పెదనాన్న అప్పటికే లేడు. పిల్లలు లేని చిన్నమ్మకు తమ్ముడంటే ప్రాణం. వాడు ఒకనాడు ఫోనులో ఆ పార్కులోని చేపను చూపించాడు. రెక్కలు విప్పుకుని నీళ్ళలో ఎగిరే చేప. "ఇది నిజంగా ఉండాదా, లేకుంటే బొమ్మనా?" అని చిన్నమ్మ నాలుగుసార్లు అడిగింది. "వచ్చి నువ్వే చూసుకో చిన్నమ్మా" అన్నాడు వాడు. అన్నంత సులువా? పాస్‌పోర్టు కావాలి. ఆధార్‌లో ఉన్న పేరుతోనే పెట్టేస్తే పది రోజుల్లో వస్తుందని ఏజెంటు చెప్పాడు. ఏనాడూ ఎవరికీ ఎదురు చెప్పని మనిషి అప్పుడు అడ్డం తిరిగింది. "మా అక్క పాపం ఎద్దులబండి తప్ప ఏదీ ఎక్కలేదు. దాని పేరు పెట్టుకోని నేను ఇమానం ఎక్కేదా? దాని పేరు మీద చక్కెర తిన్నాను, అది చాలు" అంది.

మరి ఆమె ఆమేనని రుజువేది? చిన్నమ్మ మూడో తరగతి దాకా చదివిందని మా అమ్మ చెప్పడం గుర్తొచ్చి, నేను ఆ పల్లె బడికి పోయాను. అక్కడి హెడ్మాస్టరు బీరువా అడుగు నుంచి పాత అడ్మిషన్ రిజిస్టరు తీశాడు. చెదలు సగం తిన్న అట్ట, తుప్పు రంగుకు తిరిగిన సిరా. వేలితో వరుసలు దిగుతూ పోతే ఒకచోట దొరికింది, ముత్యాల్లాంటి తెలుగు అక్షరాల్లో మా చిన్నమ్మ పేరు, పక్కన మా తాత పేరు. నా చేత్తో నేను అలాంటి రిజిస్టర్లలో ఎన్ని వందల పేర్లు రాశానో లెక్కలేదు. ఒక పేరు చూసి ఒళ్ళు జలదరించడం మాత్రం అదే మొదలు. ఆ ఒక్క వరుసను పట్టుకుని ఆఫీసులన్నీ తిరిగితే ఏడాదికి పాస్‌పోర్టు చేతికొచ్చింది. చిన్నమ్మ దాన్ని పసుపు గుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టింది. అప్పటికి ఆమెకు అరవై ఏడేళ్ళు.

ఎండాకాలం సెలవుల్లో ఇద్దరం విమానం ఎక్కాము. దిగిన చోట బోర్డుల మీద ఇంగ్లీషు, చైనా, మలయా భాషలతో పాటు అరవం కూడా కనిపించేసరికి చిన్నమ్మ కూడబలుక్కుని చదివి, తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. మా హోసూరు వాళ్ళకు ఇదొక జబ్బు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో అరవం, సంతలో కన్నడం. బోర్డు మీద అరవం ఉంటే ఎక్కడైనా మా జిల్లాయే అనుకుంటాం. నివాసుల టికెట్టు, పైవాళ్ళ టికెట్టు అని తమ్ముడు వివరించబోతే, "బోర్డులో అరవమే, నా రేషను కార్డులోనూ అరవమే. ఇంక మనము పైవాళ్ళు ఎట్ల అయితామప్పా?" అని నిలదీసింది.

జవాబుకు బదులు వాడు ఉపాయం పన్నాడు. ముగ్గురికీ నివాసుల టికెట్లే కొన్నాడు. పని మీద వచ్చినవాడు కాబట్టి వాడికి అక్కడి నివాసం కార్డుంది. మా మరదలికి ఆ రోజు డ్యూటీ, ఆమె కార్డు నాకు. కింది అంతస్తులో ఉండే అరవ ముసలామెను బతిమాలి ఆమె కార్డు చిన్నమ్మకు తెచ్చాడు. "ముసలోళ్ళు అందరూ ఒకటే మాదిరి ఉంటారక్కా, ఎవురు చూస్తారు?" అన్నాడు. మా మరదలికి ముప్ఫై నాలుగు, నాకు యాభై రెండు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుంటే సరిపోతుందట. పెట్టుకున్నాను, లోకమంతా అలికేసినట్టు కనిపించింది. పక్కవాడి పలక చూసి రాసిన పిల్లలచేత గోడకుర్చీ వేయించిన దాన్ని, సిగ్గు లేకుండా తలూపాను. మరునాడే మా తిరుగు ప్రయాణం. చిన్నమ్మ ఆ చేపను చూస్తే ఆ రోజే చూడాలి.

గేటు దగ్గర వరుస. ముందు నలుగురున్నారు. తలకు గుడ్డ చుట్టుకున్న ఒక అమ్మాయి ఒక్కొక్కరి కార్డూ తీసుకుని, ముఖం చూసి, నవ్వి పంపుతోంది. తమ్ముడు అప్పుడు కార్డు తీసి చిన్నమ్మ చేతిలో పెట్టాడు. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఎవురిది పాపా?" అని నన్ను అడిగింది. చెప్పాను. ఏం పేరు రాసి ఉందని అడిగింది. అదీ చదివాను. కాసేపు ఆ ఫొటోనే చూసింది.

"ఈమె పేరు చెప్పుకోని లోపలికి పోతే, ఆ చేపను చూసింది ఈమె అయితాది. నేనెట్ల అయితాను?" అంది.

కార్డు తమ్ముడి చేతిలో పెట్టి వరుస నుంచి పక్కకు వచ్చేసింది. వాడు కంగారుగా వెంటపడ్డాడు. "రేపు ఊరికి పోతాండావు చిన్నమ్మా. ఇంకెప్పుడు చూస్తావు? ఒక్క నిమిషం చూపిస్తే అయిపోతాది" అన్నాడు. "మీరు పోయి చూసి రాండప్పా. నేను ఈడ కూచోనుంటాను. నలబై ఏండ్లకు పైన ఇంకొకరి పేరుకు 'ఆ' అని పలికినాను. ఇంక పలకను" అంది. ఆ మాటలో కోపం లేదు. ఇంత దూరం వచ్చి, గోడ అవతల ఆ చేపను వదులుకుని, నీడన ఉన్న అరుగు మీద కుదురుగా కూర్చుంది. నాకు తల కొట్టేసినట్టయింది. మరదలి కళ్ళద్దాలు తీసి, ఆమె కార్డుతో సహా తమ్ముడికి ఇచ్చేశాను. వాడు ఒక నిమిషం మూతి ముడుచుకుని, కొన్న టికెట్లు ఎట్లా వృథా అవుతాయో చెప్పుకుని, చివరకు "సరే రా చిన్నమ్మా" అని మామూలు టికెట్ల కిటికీ దగ్గరికి నడిచాడు.

కిటికీ వెనక ఒక చైనా కుర్రవాడు. చిన్నమ్మ పసుపు గుడ్డ విప్పి, పాస్‌పోర్టును అద్దం కింది సందులోంచి లోపలికి తోసింది. అసలు తమాషా ఏమిటంటే, మామూలు టికెట్టుకు ఏ గుర్తింపూ అక్కర్లేదు. ఎవరైనా కొనుక్కోవచ్చు. అతడు మర్యాదగా తిరిగి ఇవ్వబోయాడు. ఆమె తీసుకోలేదు. "చదవమను పాపా" అంది. ఆమె పేరు చదివితే చాలు అని నేను అతనికి ఇంగ్లీషులో చెప్పాను. ఏమనుకున్నాడో, పేజీ తెరిచి, ఐదక్షరాల పేరును మూడు ముక్కలు చేసి పలికాడు. చిన్నమ్మ తల అడ్డంగా ఊపి, సరిగా పలికి చూపించింది. అతడు మళ్ళీ పలికాడు, మళ్ళీ తప్పు. వెనకవాళ్ళు కూడా ఓపిగ్గా నిలబడ్డారు. మూడోసారి చక్కగా వచ్చింది.

"ఆ" అంది చిన్నమ్మ. రేషను షాపులో పలికే "ఆ" కాదది. ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు.

లోపల మసక వెలుతురు గదిలో రెండంతస్తుల ఎత్తున అద్దం, దాని వెనక నీలం నీళ్ళు. ముందు చిన్న చేపలు గుంపులు గుంపులుగా పోయాయి. ఆ తర్వాత అది వచ్చింది. కెలమంగలం ఇంటి వాకిలంత వెడల్పు, ఒక్క చప్పుడు లేదు, ఒక్క తొందర లేదు. మా తలల మీదుగా మెల్లగా తేలిపోయింది. చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని అక్కడే నేల మీద కూర్చుంది. పట్టుపురుగులు కుబుసం విడవడానికి నిద్రకు కూర్చున్నప్పుడు మేము అల్లరి చేస్తే గొంతు ఎంత తగ్గించి మందలించేదో, అంత మెల్లగా మాట్లాడింది. "ఇంత పెద్దదయ్యీ ఎవురినీ బెదిరించకుండా ఎట్ల పోతాందో చూడు పాపా. మన పక్క ఏనుగొస్తే ఊరంతా డబ్బాలు కొట్టల్ల. దీనికి మొక్కల్ల" అని రెండు చేతులూ జోడించింది. అది మళ్ళీ తిరిగి వచ్చేదాకా జోడించిన చేతులు దించలేదు. అప్పుడు నా వైపు చూడకుండానే అడిగింది, "చూస్తా ఉండేది నేనే గదా?" అని.

"నువ్వే చిన్నమ్మా" అన్నాను. నాకు ఏడుపు ఆగలేదు. ఆ చేపను చూసి కలిగిన ఆశ్చర్యం నిజమే, కానీ ఈమెను చూసి కలిగిన దాని ముందు అది ఎంత? గంటసేపు ఆ అద్దం ముందు నుంచి ఇద్దరమూ లేవలేదు. తమ్ముడు కూడా వచ్చి మా పక్కనే కింద కూర్చున్నాడు.

పక్కింటి అమ్మాయి అంతా విని, "సరే ఆంటీ" అని నెమ్మదిగా లేచి వెళ్ళింది. ఏ టికెట్టు కొంటుందో నాకు తెలియదు. ఈ పొద్దున కెలమంగలం నుంచి చిన్నమ్మ ఫోను చేసింది. పాస్‌పోర్టు గడువు అయిపోవచ్చిందట, కొత్తది తీయించాలట. డెబ్బై ఏడేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులతో హోసూరు బస్సే ఎక్కడం లేదు. "యాడికి పోతావు చిన్నమ్మా?" అన్నాను. "యాడికీ పోను. అది ఇంట్లో ఉండల్ల గదా. మళ్ళా పదేండ్లకు రాసిస్తారంట, రాయనీ" అంది. వచ్చే వారం పోయి అర్జీ నింపాలి. ఇలాంటి సంగతులు రాసేటప్పుడు నేను మనుషుల పేర్లు రాయను, చుట్టరికాలతోనే నెట్టుకొస్తాను. ఈ ఒక్కసారికి ఆ అలవాటు తప్పుతున్నాను. ఆమె పేరు మునిరత్నమ్మ. అరవై ఏడేళ్ళకు చేతికందిన పేరు అది, ఇంకో పదేళ్ళు ఉంటానంటోంది. ఆ చేపకు లేని తొందర కాలానికి మాత్రం ఎందుకు?